ఆటో స్టార్టర్ పెట్టుకోని మనిషి

“మీరు సమ్మెల ఉన్నరు గదా మేడం. గీడేం పని మీకు?”

సీఐ ముత్తయ్య నన్ను కూర్చోమనకుండానే అడిగిన మొదటి మాట అది. అడగడంలో తప్పేం లేదు. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి విద్యుత్ తనిఖీ అధికారి మునీరా, అంటే నేను, ఆఫీసుకు తాళం వేసి అందరితో పాటు శిబిరంలోనే కూర్చుంటున్నాను. కరెంటు తగిలి ఎవరు పోయినా ఎట్లా పోయారో చూసి రాసి ఇవ్వాల్సింది నేనే. ఆ పనికీ తాళం పడింది. కానీ నిన్న పొద్దున తొగుట రోడ్డులోని తన పొలంలో కరెంటు తగిలి పోయిన మనిషి రాజేంద్రప్రసాద్ గారు. ఆ కేసులో లాకప్‌లో ఉన్నది ఆయన అన్న కొడుకు భూపతి. మొదటివారు నాకు ఉద్యోగం నేర్పారు. రెండోవాడు రోజూ శిబిరంలో మైకు పట్టుకుని మాకందరికీ ధైర్యం చెబుతాడు. నిన్నటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

“సమ్మెల ఉన్నోళ్లు స్టేషన్‌కు రావొద్దని ఉందా సార్? భూపతితోని రెండు మాటలు మాట్లాడి పోత.”

“సాయంత్రం కోర్టుకు తీస్కపోతున్న. రిమాండ్ అయినంక జైల్ల తీరుబడిగ మాట్లాడున్రి.”

“జైలుకు పోయినంక ఇంకేం మాట్లాడాలె సార్?”

ముత్తయ్య కానిస్టేబుల్‌గా చేరి సీఐ దాకా వచ్చిన మనిషి. చెడ్డవాడు కాదు. కానీ ఒకసారి మనసులో కేసు మూశాడంటే మళ్లీ తెరవమన్నవాళ్ల మీద మండిపడతాడు. ఈ కేసులో పైవాళ్ల తొందర కూడా ఉంది. పోయినవాడు పెద్ద అధికారి, పట్టుబడ్డవాడు ఉద్యమకారుడు. భూపతి రిమాండ్‌కు పోతే రేపు పేపర్లు ఏమని రాస్తాయో, ఎల్లుండికి శిబిరం గుడారం ఉంటుందో లేస్తుందో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఆయన విసుగ్గా లాకప్ వైపు చెయ్యి ఊపాడు. అదే అనుమతి అనుకుని వెళ్లాను.

భూపతి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి గానీ మాట మాత్రం గట్టిగానే ఉంది.

“మీ చిన్నబాపుకు, నీకు కొట్లాట అయిందట?”

“అయింది. ఊరందరికి ఎరికే. మూడేండ్ల సంది గదే కొట్లాట. అందరి బాయిల కాడ ఆటో స్టార్టర్లున్నయి, మనం గూడ పెడుదమంటే పెట్టనియ్యడు. కరెంటు వచ్చినప్పుడల్ల నేను గట్టెంబడి ఉరకాలె.”

ఆటో స్టార్టర్ అరచేతిలో పట్టేంత డబ్బా. దాన్ని మోటరు స్టార్టరుకు తగిలిస్తే, త్రీ ఫేజు కరెంటు రాగానే మనిషితో పని లేకుండా మోటరు తనంత తనే లేస్తుంది. ఈ చుట్టుపక్కల అది లేని బావి దొరకదు. మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయని అందరికీ తెలుసు, ఎవరికీ పట్టదు. రాజేంద్రప్రసాద్ గారికి మాత్రం పట్టింది. ఇంధన శాఖలో ఉండగా ఆ డబ్బాలు పీకించమని ఆయన ఇచ్చిన ఉత్తర్వుకు సిద్దిపేటలో రెండుసార్లు ఆయన దిష్టిబొమ్మ కాల్చారు. రెండోసారి ఆయనే అటుగా వచ్చి కారు దిగి, “తీగల కింద కాలుస్తున్నరేంది, గటు జరుపున్రి” అని చెప్పి పోయారు.

“నిన్న మీ స్టార్టరు కాడ దొరికిన డబ్బా నువ్వు పెట్టినవా?”

“పెట్టేదుంటే ఆయన ముంగట్నే పెడుదు మేడం. నేను ఏం కొట్లాడినా మొఖం మీదనే కొట్లాడుత. దొంగతనంగ పెట్టే ఖర్మ నాకేం పట్టింది?”

“నిన్న పొద్దుగాల యాడున్నవ్?”

“దీక్షల. నిన్న వంతు చేనేతోళ్లది, మా రైతులది ఇయ్యాల. మొన్న మాపటికి వాళ్లు మార్చుకుందమన్నరు, సరే అన్నం. నిన్న చీకట్లనే పోయి గుడారంల కూసున్న. గాడున్నోళ్లందరు చూసిన్రు.”

వెనక నుంచి ముత్తయ్య గొంతు వినిపించింది. “ముందురోజే పెట్టి పోయిండు. నిన్న కరెంటొచ్చింది, మోటరు లేచింది, అప్పుడు ముసలాయన చెయ్యి వైరు మీదుంది. చంపాలని పెట్టకపోవచ్చు, గని ప్రాణమైతే పోయింది గదా.”

భూపతి ఆయన వైపు చూడనే లేదు. “మేడం, ఒక్క మాట. నా గురించి మీరు సమ్మె ఇడిచి సంతకాలు పెట్టకున్రి. నేను జైలుకు పోయొస్త. నాకేం భయం లేదు.”

నాకు ఒళ్లు మండింది. ఇంట్లో పెద్దాయన అదే మొండితనంతో బతికాడు, పిల్లాడికీ అదే వచ్చింది. “నేనేం పెట్టాల్నో నేను చూసుకుంట,” అని చెప్పి ముత్తయ్య వైపు తిరిగాను. “సార్, ఆ డబ్బా మూత తీసి చూసిన్రా?”

“ఎందుకు చూడాలె?”

“చూడకుండనే కోర్టుకు పోతున్నరన్న మాట.”

ఆయన టోపీ తీసుకుని జీపు ఎక్కాడు. నేను నా స్కూటీ మీద వెనకాలే వెళ్లాను.

బావి అంటున్నాం గానీ అక్కడ ఉన్నది బోరు. పక్కన నిలువుగా పాతిన రాతి కూసానికి స్టార్టరు, దాని పైన ఒక రేకు. మేం వెళ్లేసరికి పక్క పొలం రాజమల్లయ్య అక్కడే ఉన్నాడు. సిద్దిపేటలో ఆయనకు మోటార్ల దుకాణం, ట్రాన్స్‌ఫార్మర్ల రిపేరు షెడ్డు ఉన్నాయి. శిబిరం మైకుకు జనరేటరు పంపేది ఆయనే. తెల్ల చొక్కా, నిదానమైన మాట.

“నమస్తే మేడం. ఎంత పనాయె సూడున్రి. భూపతి చిన్న పిల్లగాడే నాకు, వాడు కావాలని చేసిండంటే నేను నమ్మ.”

“నమ్ముడు సంగతి అటుంచు. గీ డబ్బా ఎప్పట్నుంచి ఉందిక్కడ?”

“గది లేని రైతుంటడా మేడం? ఊరందరికి వద్దని చెప్పిండు గని, ఇంట్ల సంగతి ఎవరు చూడొచ్చిన్రు?” అని చిన్నగా నవ్వాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. రాజేంద్రప్రసాద్ గారి గురించి అందరూ అనే మాటే అది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన్ను ఎవరూ నమ్మలేదు. ఉచిత కరెంటు వద్దు, మీటరు పెట్టండి అంటే ‘మీటర్ల ప్రసాద్’ అని పేరు పెట్టారు. పొగగొట్టం లేని ఊళ్లో కూలి దొరకదని వాదించి ఫ్యాక్టరీలకు అనుమతులు ఇప్పిస్తే, పర్యావరణం వాళ్లు అమ్ముడుపోయాడన్నారు. అదే ఫ్యాక్టరీ మురుగునీళ్లు చెరువులోకి వదిలితే ఆ రోజే తాళం వేయించేవారు. అప్పుడు ఓనర్లు పిచ్చోడన్నారు. ప్రత్యేక రాష్ట్రం మీద అభిప్రాయం అడిగితే, “ఏ రాష్ట్రమైనా బిల్లు కట్టాల్సిందే” అన్నారు. దాంతో ద్రోహి కూడా అయ్యారు. ఆయన మాటలతో నాకూ సగం పడేవి కావు. కానీ బయట ఒకటి చెప్పి ఇంట్లో ఇంకోటి చేసే మనిషి మాత్రం కాదు.

నిన్న పోలీసులు తీసిన మెయిన్ అట్లాగే ఉంది. డబ్బా మూత విప్పాను. లోపల రెండు చిన్న బిళ్లలుంటాయి. కరెంటు రాగానే అవి కలుసుకుంటాయి, అప్పుడు మోటరు లేస్తుంది. కలిసిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఒక్కసారి కలిసినా నల్ల మచ్చ మిగులుతుంది. ఈ బిళ్లలు తళతళలాడుతున్నాయి.

“సార్, దగ్గరికొచ్చి చూడున్రి. గీ డబ్బా ఒక్కసారి గూడ పనిచెయ్యలె.”

ముత్తయ్య వంగి చూశాడు. “ఖరాబైందేమో.”

“కాలె. వైర్లన్ని సక్కగున్నయి. నిన్న పొద్దుగాల కరెంటొచ్చిందని పంచనామాల మీరే రాసిన్రు. అప్పుడు ఇది ఇక్కడుంటే లేవకుండ ఎట్లుంటది? మోటరు లేచిందంటే మచ్చ పడాలె. మచ్చ లేదంటే ఇది అప్పటికి లేదు. ఆయన పోయినంక తెచ్చి పెట్టిన్రు.”

“ఎవరు?”

“నన్నడుగుతరేంది, మీరు పోలీసు. గని భూపతి కాదు. కూలికొచ్చిన అంజమ్మ పొద్దెక్కంగనే శవాన్ని చూసింది, డబ్బా గూడ అప్పటికే ఉంది. అప్పటికి భూపతి గుడారంల ఉన్నడు. ఇంకోటి ఆలోచించున్రి. నిన్న బంద్. సిద్దిపేటల సూది గూడ దొరకలె, దుకాణాలన్ని శిబిరమోళ్లే మూయించిన్రు. చీకటి ఇడవకముందే కొత్త డబ్బా యాడికెళ్లొచ్చింది?”

రాజమల్లయ్యే అందుకున్నాడు. “మోటర్ల దుకాణాలు చానా ఉన్నయి మేడం, నాది గూడ ఉన్నది. అందరియి చూడున్రి. నాది ముందుగాల చూడున్రి.”

ముత్తయ్య డబ్బాను సంచీలో వేయించి, సీలు పెట్టించి, నా ముందుకు తెల్లకాగితం జరిపాడు. ఓడిపోయిన మొహం కాదది.

“మంచిగ చెప్పిన్రు. గిదే రాసియ్యున్రి. గని డ్యూటీల ఉన్న అధికారిగ రాయాలె. సమ్మెల ఉన్న మనిషి మాట కోర్టుల నడవది. సంతకం, కింద హోదా, ఇయ్యాల్టి తేదీ.”

ఆయన ఎక్కడ కొట్టాడో నాకు అర్థమైంది. సమ్మె విడిచినవాళ్ల పేర్లు సాయంత్రం శిబిరంలో మైకులో చదువుతారు. నాతో కలిసి సద్దిగిన్నె పంచుకున్న ఆడవాళ్లు రేపు నన్ను చూసి మొహం తిప్పుకుంటారు. ఈ ఉద్యమం నాకు ఆటవిడుపు కాదు. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్లకే అన్న ముల్కీ గొడవల్లో మా బాబాయి కాలు పోగొట్టుకున్నాడు. భయం వేసింది, ఏడుపు కూడా వచ్చింది. ముత్తయ్య ముందు ఏడవకూడదని పళ్లు బిగించాను.

“పెట్టకుంటే?” అన్నాను.

“పెట్టకుంటే నా పంచనామ నాకుంది. మీ మాట నేను వినలే, మీరు చెప్పలే.”

“నేను సంతకం పెడితే భూపతిని ఇప్పుడే ఇడుస్తరా?”

“ఇడుస్త. నా నోటితోని చెప్తున్న.”

జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశాను. నా పేరు, హోదా, తేదీ, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాశాను, ఎవరూ చదవలేకపోయామని అనకూడదని. “చాలా? ఇంకేమన్న రాయాల్నా?”

ముత్తయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని స్టేషన్‌కు ఫోన్ చేశాడు. ఆ విషయంలో మాట తప్పలేదు. మేం బయల్దేరేటప్పుడు రాజమల్లయ్య బోరు దగ్గరే నిలబడి, చేతులు జోడించి మమ్మల్ని సాగనంపాడు.

నేరుగా రాజేంద్రప్రసాద్ గారింటికి వెళ్లాను. భూపతి బయటపడుతున్నాడు, సరే. మరి ఆయన్ను చంపిందెవరు? ఎట్లా?

ఆయన భార్య అనసూర్య గారు నేల మీద చాప వేసుకుని కూర్చున్నారు. పలకరించడానికి ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ రాలేదు. ఆమె ఆ సంగతి దాచుకోలేదు.

“చూడు బిడ్డా, మంత్రులొచ్చిన ఇల్లిది. ఇయ్యాల వాకిట్ల చెప్పుల్లేవు. రాకుంటే రాకపాయె. ఆయన ఎవ్వలకు భయపడలె, నేను గూడ భయపడ.”

“అమ్మా, కడిగేటప్పుడు ఆయన చేతులు చూసిన్రా?”

“నేనే కడిగిన. చేతులకేం లేదు. ఇంత మరక గూడ లేదు. కాళ్లకే కాలింది.”

“ఏ కాలు?”

“రెండు కాళ్లకు. గీడ, ముందట.” ఆమె తన మోకాలి కింద చెయ్యి అడ్డంగా గీసి చూపించింది. “రెండింటికి ఒక్క తీరు గీత. తాడు కట్టి గుంజినట్టు.”

స్టార్టరు ముట్టుకున్నవాడికి చేతులు కాలుతాయి. రెండు కాళ్లకూ ఒకే ఎత్తులో అడ్డగీత పడిందంటే, నడుస్తూ పోయి తీగకు తగిలాడు. పంట మీదికి అడవి పందులు రాకుండా రైతులు లైను మీద కొండి, అంటే వైరు కొక్కెం, వేసి, మోకాలి కింది ఎత్తులో కరెంటు తీగ కడతారు. అట్లాంటి తీగ తగిలి పోయినవాళ్ల రిపోర్టులు నేనే ఎన్నో రాశాను.

“ఎప్పుడన్న ఆయన పొద్దుగాల మోటరెయ్యనీకి పోయేదా అమ్మా?”

“ఎన్నడు పోలె. గది భూపతి పని. నిన్న వాడు దీక్షల కూసున్నడు గదా, ఇంట్ల త్రీ ఫేజు చూపెట్టే ఎర్ర బుగ్గ వెలగంగనే కరెంటొచ్చిందని ఈయన లేచిండు. వరి పొట్టకొచ్చింది, ఒక్క తడి తప్పినా తాలు పోతది, వాడు వచ్చి ఏడుస్తడు అన్నడు.” ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ గట్టిపడింది. “ఇద్దరు రోజు కొట్లాడుకునుడే. గని వాని చేను ఎండితే ఈయన ఓర్చుకోకపోవు.”

“ఈ మధ్య ఏమన్న విచారణ చేస్తున్నరా ఆయన?”

“ట్రాన్స్‌ఫార్మర్ల నూనె గురించి. రిపేరు షెడ్లోళ్లు కాలిన నూనె వాగుల పోస్తున్నరట. పోసే ట్రాక్టరును భూపతి కండ్లార చూసిండు, నంబరు గూడ చూసిండు. ఎవరిదో వానికి తెల్వదు. నువ్వు సాక్షిగ సంతకం పెడితేనే రాస్త, సాక్షి లేంది ఒక్క ముక్క రాయ అన్నడు ఈయన. ఈ శుక్కురారం పెడ్త అన్నడు వాడు. ఆయన పద్ధతి నీకెరికే గదా.”

నాకే కాదు, ఆయనతో పని పడిన ప్రతివాడికీ ఆ పద్ధతి తెలుసు. సాక్షి లేకపోతే ఆ విచారణ అక్కడే ఆగిపోతుందనీ తెలుసు.

స్కూటీని తొగుట రోడ్డు మీద ఎట్లా నడిపానో నాకే తెలియదు. పొలం మొదట్లో దాన్ని వదిలేసి గట్టు ఎక్కాను. ఒక పక్క రాజేంద్రప్రసాద్ గారి వరి, ఇంకో పక్క రాజమల్లయ్య మక్కచేను. ఊళ్లో నుంచి బోరు దగ్గరికి పోవాలంటే ఈ గట్టే దారి. మధ్యలో లైను స్తంభం దగ్గర గడ్డి తొక్కి ఉంది. వంగి రెండు చేతులతో గడ్డి తీశాను. గట్టుకు అటొకటి, ఇటొకటి, రెండు పొట్టి గూటాలు. వాటి తలలకు, తీగలోని కరెంటు నేలకు దిగకుండా, సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి ఉన్నాయి. తీగ విప్పుకుపోయినవాడు గూటాలు పీకడానికి ఆగలేదు.

పందులు వచ్చేది గుట్ట వైపు నుంచి. మక్కచేను చుట్టూ తిరిగి చూశాను. గుట్ట వైపు ఒక్క గూటం లేదు. మనిషి నడిచే గట్టు మీద తప్ప ఎక్కడా తీగ కట్టిన జాడ లేదు.

ఎంత తెలివిగా కట్టాడు రాజమల్లయ్య. సమ్మె వల్ల కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కరెంటు లేనప్పుడు ఆ తీగ ఎవరినీ ఏమీ చెయ్యదు, కరెంటు లేనప్పుడు ఆ గట్టు మీదికి ఎవరూ రారు. కరెంటు రాగానే తీగలో ప్రాణం వస్తుంది, ఆ వెంటనే మోటరు వెయ్యడానికి మనిషి బయల్దేరుతాడు. రోజూ బయల్దేరే మనిషి రాజేంద్రప్రసాద్ గారు కాదు. దీక్ష వంతు మారిన సంగతి తీగ కట్టినవాడికి తెలియదు. సాక్షి కోసం కట్టిన తీగకు ముసలాయన తగిలాడు. శవాన్ని బోరు దగ్గరికి మోసి, సొంత దుకాణంలోంచి డబ్బా తెచ్చి బిగిస్తే, చావాల్సినవాడు ఎట్లాగూ జైలుకు పోతాడు.

ఆ జైలు తలుపు నేను తెరిచాను.

ముత్తయ్యకు ఫోన్ చేశాను. “భూపతి యాడున్నడు సార్?”

“ఇడిచిపెట్టిన అన్న గదా. మీ సంతకం మంచిగనే పనిచేసింది మేడం.”

“ఒక్కడే పోయిండా?”

“జమానతుకు మనిషి కావాలె గదా. మీ శిబిరంకెళ్లి ఎవ్వలు రాలె. రాజమల్లయ్య వచ్చి సంతకం పెట్టి, తన బండి మీద తీస్కపోయిండు. కరెంటు ఎప్పుడొస్తదో ఎరికలేదు, ముందుగాల బాయి కాడికి పోదమని భూపతే అడిగిండట.”

“మీరు జీపు తీసుకుని బాయి కాడికి రాండ్రి. ఎందుకని అడగకున్రి, రాండ్రి.”

ఫోన్ ఇంకా చెవి దగ్గరుండగానే కరెంటు వచ్చింది. చుట్టూ ఉన్న పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారిగా లేచాయి. రాజేంద్రప్రసాద్ గారి బోరు ఒక్కటే లేవలేదు. వరిచేను అవతల, కూసం దగ్గర ఇద్దరు మనుషులు కనిపించారు. రాజమల్లయ్య కాస్త దూరంగా నిలబడి ఉన్నాడు. భూపతి స్టార్టరు వైపు నడుస్తున్నాడు. ఇందాక మేం వెళ్లిపోయాక రాజమల్లయ్య అక్కడ ఒక్కడే ఎంతసేపున్నాడో, ఆ స్టార్టరును ఏం చేశాడో దేవుడికే తెలియాలి.

అరిచాను. మోటార్ల హోరులో నా గొంతు నాకే వినపడలేదు. పరిగెత్తినా అందుకోలేను. ట్రాన్స్‌ఫార్మరు మాత్రం గట్టు చివరే ఉంది. ఉరికి వెళ్లి స్విచ్ హ్యాండిల్‌ను రెండు చేతులతో పట్టుకుని, ఒంటి బరువంతా వేసి కిందికి లాగాను. పైన ఫెళ్లుమని మెరుపు లేచింది. మోటార్లన్నీ ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో భూపతి చెయ్యి స్టార్టరు మీద ఆగి ఉంది. చెయ్యి తీసి, ఏమైందో అర్థంకాక చుట్టూ చూశాడు.

“ముట్టకు భూపతీ, దూరం జరుగు,” అని అరిచాను. ఈసారి వినపడింది. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

రాజమల్లయ్య మాత్రం చుట్టూ చూడలేదు. నేరుగా నా వైపే చూశాడు, తర్వాత గట్టు మధ్యలో నేను గడ్డి తీసిన గూటాల వైపు చూశాడు. వంగి కూసం పక్కనున్న గడ్డపార తీసుకుని, తొందర లేకుండా, గట్టు మీదుగా నా దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. ముత్తయ్య జీపు రావాలంటే ఇంకా చాలా దూరం ఉంది. హ్యాండిల్ వదిలితే నేను పారిపోవచ్చు, కానీ వదిలితే అతను మళ్లీ కరెంటు ఎక్కిస్తాడు, భూపతి ఇంకా ఆ స్టార్టరు పక్కనే ఉన్నాడు.

నేను హ్యాండిల్ వదల్లేదు.